మీ కంపెనీ వెబ్‌సైట్‌కి ఏయే కంపెనీలు వస్తున్నాయో కనుక్కోవడం ఎలా, ఎక్కడ ఆగాలి

జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు వాల్వులు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకోండి. సైట్‌లో ఎంక్వైరీ ఫారం పెట్టారు, నెలకు నాలుగైదు వస్తాయి. కేటలాగ్ పీడీఎఫ్‌ను మాత్రం రోజూ ఎవరో ఒకరు దించుకుంటూనే ఉన్నారు. కొనేవాళ్లా, పోటీవాళ్లా, ప్రాజెక్టు రిపోర్టు కోసం వెతుక్కుంటున్న ఇంజనీరింగ్ పిల్లలా? ఈ ప్రశ్నకు సగం జవాబు పైసా ఖర్చు లేకుండా మీ సర్వర్‌లోనే దొరుకుతుంది. మిగతా సగం కోసం ఏదో టూల్ కొనమని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు ఇది చదవండి.

మొదటే ఒక విషయం తేల్చుకుందాం. ఐపీ అడ్రస్ చెప్పేది ఏ కనెక్షన్ మీదుగా వచ్చారో, ఆ కనెక్షన్ ఎవరి పేరున నమోదై ఉందో, అంతవరకే. కుర్చీలో కూర్చున్న మనిషెవరో చెప్పదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ లాంటి పేర్ల వెనకే ఉండిపోతారు. కంపెనీ పేరుతో తేలేవి కొన్నే, కానీ ఆ కొన్ని పనికొచ్చేవి.

లాగ్ ఎక్కడుంటుంది

గూగుల్ అనలిటిక్స్ తెరిచి వెతక్కండి, అక్కడ లేదు. ఒకప్పుడు అందులో సర్వీస్ ప్రొవైడర్, నెట్‌వర్క్ డొమైన్ అని రెండు కాలమ్‌లు ఉండేవి. చాలామంది సేల్స్ వాళ్లు వాటి మీదే బతికారు. 2020 ఫిబ్రవరిలో గూగుల్ వాటిని నింపడం మానేసింది. ఇప్పటి జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4) అయితే ఐపీ అడ్రస్‌ను నిల్వే చేయదు. కాబట్టి సర్వర్ యాక్సెస్ లాగ్ దగ్గరికే, అంటే ఎవరు ఎప్పుడు ఏ ఫైల్ అడిగారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా దగ్గరికే వెళ్లాలి.

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మీద ఎన్జినెక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం నడుస్తుంటే వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఎన్జినెక్స్ ఫోల్డర్, అందులో యాక్సెస్ లాగ్. అపాచీ అయితే అదే చోట అపాచీ2 ఫోల్డర్‌లో. షేర్డ్ హోస్టింగ్‌లో సీప్యానెల్ ఇస్తారు కదా, దాంట్లో మెట్రిక్స్ కింద రా యాక్సెస్ అని ఉంటుంది. అందులో లాగ్‌లను మీ హోమ్ డైరెక్టరీలో భద్రపరచమనే టిక్కు పెట్టండి, పాత నెలవి తీసేయమనే టిక్కు తీసేయండి. ఇది చేయకపోతే లెక్కలు కట్టాక లాగ్ పోతుంది, నెలాఖరున చూద్దామంటే చేతికి ఏమీ మిగలదు. సొంత సర్వర్లో కూడా లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాం పాతవాటిని తీసేస్తుంటుంది. ఉబుంటులో మామూలుగా ఇది 14 రోజులవే ఉంచుతుంది. విక్స్, షాపిఫై లాంటి చోట్ల సైట్ కట్టుకున్నవాళ్లకు అసలు లాగ్ చేతికే రాదు. వాళ్లు టూల్స్ గురించి రాసిన భాగానికి వెళ్లిపోవచ్చు.

ఒక లైన్ దగ్గరగా చూద్దాం

అసలు లాగ్ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. చదవడానికి వీలుగా ఒక లైన్ తెలుగులో:

203.0.113.45 - - [18/జూన్/2025:06:12:07 +0000] "గెట్ /కేటలాగ్/బాల్-వాల్వ్.పీడీఎఫ్" 206 65536 "గూగుల్.కామ్" "మొజిల్లా/5.0 విండోస్ క్రోమ్"

మొదటిది ఐపీ. తర్వాతి రెండు గీతలూ సాధారణంగా ఖాళీ. బ్రాకెట్లో టైము. చివరన +0000 ఉందంటే అది లండన్ శీతాకాలపు టైము, మనది కాదు. 5 గంటల 30 నిమిషాలు కలిపితే 11:42 అవుతుంది. ఈ కూడిక మర్చిపోయి, "పొద్దున్నే ఆరింటికి ఎవరు చూస్తారు, ఇది బాటే (దానంతటదే సైట్లు తిరిగే ప్రోగ్రామే)" అని మంచి ఎంక్వైరీని చెత్తబుట్టలో వేయడం మామూలే.

206 అంటే ఫైల్‌లో కొంత ముక్క మాత్రమే పంపామని. బ్రౌజర్ పీడీఎఫ్‌ను ముక్కలు ముక్కలుగా తెప్పించుకుంటుంది కాబట్టి ఒకరు ఒకసారి కేటలాగ్ తెరిస్తే లాగ్‌లో పది లైన్లు పడొచ్చు. పదిమంది దించుకున్నారని మురిసిపోకండి. ఒకే ఐపీ, ఒకే ఫైల్, ఐదు నిమిషాల లోపు ఉన్నవన్నీ ఒకటిగా లెక్కేయండి. 200 అంటే పూర్తిగా పంపాం, 304 అంటే వాళ్ల దగ్గర పాత కాపీ ఉంది కాబట్టి మళ్లీ పంపలేదు. ఈ 304 మంచి గుర్తు, అంతకుముందు వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారన్నమాట.

గూగుల్.కామ్ ఉన్నచోట ఏ సైట్ నుంచి వచ్చారో ఉంటుంది. ఏ మాటలు వెతికారో మాత్రం ఉండదు. 2020లో క్రోమ్ పద్ధతి మారాక ఇతర సైట్ల నుంచి కూడా చాలావరకు డొమైన్ పేరే వస్తుంది, పూర్తి చిరునామా రాదు. చివర ఉన్నది బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకున్న మాట. అబద్ధం చెప్పినా ఆపేవాడు లేడు.

క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉన్న సైట్లు

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. క్లౌడ్‌ఫ్లేర్ అంటే చూసేవాళ్లకూ మీ సర్వర్‌కూ మధ్య నిలబడి పేజీలు అందించే సేవ. సైట్‌ను దాని వెనక పెట్టుకుంటే మీ సర్వర్‌కు కనిపించేది క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలే. లాగ్‌లో 172.64, 162.158, 104.16 లాంటి వాటితో మొదలయ్యేవే వరసగా కనిపిస్తుంటే సంగతి ఇదే. అసలు ఐపీని క్లౌడ్‌ఫ్లేర్ ఒక ప్రత్యేక హెడర్‌లో (అభ్యర్థనతో పాటు వచ్చే అదనపు లైనులో) పంపుతుంది, దాని పేరు సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ. ఎన్జినెక్స్‌లో రియల్ ఐపీ మాడ్యూల్‌కు ఈ హెడర్ పేరు చెప్పి, క్లౌడ్‌ఫ్లేర్ ప్రచురించే ఐపీ శ్రేణుల నుంచి వచ్చినప్పుడే దాన్ని నమ్మమని రాయాలి. ఈ షరతు వదిలేస్తే ఎవరైనా సరే నేరుగా మీ సర్వర్‌కు వచ్చి, హెడర్‌లో ఇష్టమొచ్చిన ఐపీ రాసి, ఫలానా కంపెనీలా కనిపించగలరు.

ఇంకో చిక్కుంది. క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా హెచ్‌టీఎంఎల్ పేజీలను దాచిపెట్టుకోదు గానీ బొమ్మలను, స్టైల్ ఫైళ్లను, పీడీఎఫ్‌లను దాచిపెట్టుకుంటుంది. అంటే మీకు అన్నిటికంటే ముఖ్యమైన కేటలాగ్ డౌన్‌లోడ్ చాలాసార్లు మీ సర్వర్ దాకా రానే రాదు, లాగ్‌లో పడదు. కేటలాగ్ ఫోల్డర్ వరకు క్యాష్ (ఆ దాచిన కాపీ) వాడొద్దని ఒక రూల్ పెట్టండి. పీడీఎఫ్‌లు రెండు మూడు ఎంబీలవే అయితే సర్వర్‌కు పెద్ద బరువేం కాదు.

చెత్త ఏరేయడం

లాగ్‌లో మనుషుల కంటే యంత్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ వరుసలో తీసేయండి.

ముందు మీ సొంత ఆఫీసు ఐపీ, మీ వెబ్ డిజైనర్ ఐపీ. తర్వాత తమ పేరు తామే చెప్పుకునే బాట్‌లు: గూగుల్‌బాట్, బింగ్‌బాట్, ఎహ్రెఫ్స్, సెమ్రష్, జీపీటీబాట్ వగైరా. తర్వాత మీ సైట్‌లో లేని తలుపులు తట్టేవాళ్లు. డబ్ల్యూపీ-లాగిన్, ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ, డాట్ ఈఎన్‌వీ లాంటి ఫైళ్లు అడిగిన ఐపీని మారుమాట లేకుండా మొత్తం కొట్టేయొచ్చు. తాళం లేని సైట్ కోసం తిరిగే స్కానర్ అది.

ఆ పైన మిగిలినవాటికి ఒక చిన్న పరీక్ష. మనిషి బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే హెచ్‌టీఎంఎల్‌తో పాటు స్టైల్ ఫైళ్లు, బొమ్మలు, ఫాంట్‌లు కూడా రెండు సెకన్లలోపే అడుగుతుంది. హెచ్‌టీఎంఎల్ ఒక్కటే అడిగి వెళ్లిపోయింది సాధారణంగా బాట్. పైన చెప్పిన క్యాష్ ఉన్న సైట్లలో ఈ పరీక్ష పనిచేయదు, ఎందుకంటే బొమ్మలు అసలు మీ దగ్గరికి రావు.

లినక్స్ అలవాటున్నవాళ్లు ఆక్, సార్ట్, యూనిక్ అనే మూడు కమాండ్లతో ఐపీల వారీగా లెక్క తీసుకోవచ్చు. లేదంటే గోయాక్సెస్ అనే ఉచిత ప్రోగ్రాం లాగ్‌ను చదివి పట్టిక ఇస్తుంది. ఎక్సెల్‌లో వేసుకుంటే ఖాళీ దగ్గర విడగొట్టి పివట్ టేబుల్ పెట్టండి. ఒక షీట్‌లో 10,48,576 వరుసలకు మించి పట్టవు, పెద్ద లాగ్‌ను వారాల వారీగా కోసుకోవాలి.

ఐపీవీ6 అడ్రస్‌లను (కోలన్లతో విడదీసి ఉండే పొడవాటి కొత్త తరహా ఐపీలను) పూర్తిగా పట్టుకుని లెక్కేయకండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాటి చివరి సగాన్ని తరచూ మార్చుకుంటాయి. ఒకే మనిషి నలుగురిగా కనిపిస్తాడు. మొదటి నాలుగు గుంపుల అంకెల వరకు తీసుకుని కలపండి.

పేరు తేల్చడం

ఇప్పుడు మీ దగ్గర కొన్ని పదుల ఐపీలు మిగిలుంటాయి. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటిది రివర్స్ డీఎన్ఎస్. ఈ ఐపీకి ఏదైనా పేరు పెట్టారా అని అడగడం. కంపెనీ మెయిల్ సర్వర్, గేట్‌వే ఉన్న ఐపీకి సాధారణంగా కంపెనీ డొమైన్‌తోనే పేరుంటుంది. గేట్‌వే, ప్రాక్సీ, ఫైర్‌వాల్ లాంటి మాటలు పేరులో కనిపిస్తే మంచి శకునం. అంకెలు, డైనమిక్, బ్రాడ్‌బ్యాండ్ అని ఉంటే ఇంటి కనెక్షన్. కానీ ఈ పేరు పెట్టుకునేది ఐపీ ఉన్నవాళ్లే, ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. అందుకని వెనక్కి తిప్పి కూడా చూడాలి: వచ్చిన పేరును మళ్లీ అడిగితే అదే ఐపీ రావాలి. రాకపోతే నమ్మొద్దు. నిజమైన గూగుల్‌బాట్‌ను పోల్చుకోవడానికి గూగుల్ చెప్పేది కూడా ఇదే పద్ధతి.

రెండోది హూయిజ్, లేదా దాని కొత్త రూపమైన ఆర్‌డాప్. ఈ ఐపీ ఎవరి పేరున నమోదై ఉందో రిజిస్ట్రీని అడగడం. ప్రపంచంలో ఐపీలు పంచే రిజిస్ట్రీలు ఐదు. ఆసియా, పసిఫిక్ దేశాలకు ఆప్నిక్, ఉత్తర అమెరికాకు ఆరిన్, యూరప్‌కు రైప్, లాటిన్ అమెరికాకు లాక్‌నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్. మన దేశంలో ఆప్నిక్ కింద నిక్సీ అనే సంస్థ నడిపే ఇరిన్ రిజిస్ట్రీ ఉంది. ఆప్నిక్ జవాబులో చూడాల్సింది మూడు లైన్లే: ఐనెట్‌నమ్ అంటే ఈ నమోదు ఏ ఐపీ నుంచి ఏ ఐపీ వరకు అని, నెట్‌నేమ్, డిస్క్రిప్షన్. ఐనెట్‌నమ్ ఎంత చిన్నదైతే అంత మంచిది. 8 ఐపీలో 16 ఐపీలో ఉన్న చిన్న ముక్క ఒక కంపెనీ పేరున నమోదై ఉంటే అది లీజ్డ్ లైన్ (ఒక్క కంపెనీకే కేటాయించిన కనెక్షన్) తీసుకున్న కస్టమర్. 65,536 ఐపీల పెద్ద ముక్క టెలికాం కంపెనీ పేరున ఉంటే దాని వెనక ఎవరున్నారో తెలియదు. బాధేమిటంటే మన దగ్గర చిన్న లీజ్డ్ లైన్లు తీసుకున్న చాలా ఫ్యాక్టరీల పేర్లు రిజిస్ట్రీకి ఎక్కవు, సర్వీస్ ప్రొవైడర్ పేరే ఉంటుంది.

మూడోది ఏఎస్ నంబర్. ఈ ఐపీకి ఇంటర్నెట్‌లో దారి చూపించేది ఏ నెట్‌వర్క్ అనేదానికి నంబరు. 55836 అంటే జియో, 9829 అంటే బీఎస్ఎన్ఎల్, 4758 అంటే ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ), అంటే ఏదో ప్రభుత్వ కార్యాలయం. వందల ఐపీలుంటే ఒక్కోటీ అడుగుతూ కూర్చోవద్దు. టీమ్ సిమ్రూ వాళ్ల ఉచిత సేవ ఒకేసారి జాబితా తీసుకుని జవాబిస్తుంది. మాక్స్‌మైండ్ వాళ్ల జియోలైట్2 ఏఎస్ఎన్ డేటాబేస్‌ను ఖాతా తెరిచి ఉచితంగా దించుకుంటే మీ కంప్యూటర్‌లోనే వెతుక్కోవచ్చు. ఈ రెండోదే మేలు. మీ సైట్‌కు ఎవరొచ్చారన్న జాబితాను ముక్కూ మొహం తెలియని ఐపీ లుకప్ సైట్‌లో పేస్ట్ చేయడమంటే, దాన్ని చేజేతులా వాళ్లకు అప్పగించడమే.

జియో ఐపీవీ6 అడ్రస్‌లు 2409:40 నుంచి 2409:43 వరకు ఉన్నవాటితో మొదలవుతాయి. 2409:80 తో మొదలైతే అది చైనా మొబైల్. మొదటి నాలుగు అంకెలే చూసి "ఇదీ జియోనే" అనుకోకండి.

తీరా తేలాక పొరబడే చోట్లు

దొరికిన పేర్లను మూడు కుప్పలు పోయండి: కంపెనీ, టెలికాం, క్లౌడ్. టెలికాం కుప్పను అక్కడే వదిలేయండి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఐపీ వెనక వేలమంది ఉంటారు. ఊరు కూడా నమ్మకంగా తెలియదు, వరంగల్‌లో ఉన్న ఫోన్ ముంబైలో ఉన్నట్టు కనిపించవచ్చు.

క్లౌడ్ కుప్పలో అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ పేర్లు చూసి "మైక్రోసాఫ్ట్ వాళ్లు మన వాల్వులు చూస్తున్నారు" అని ఓనరుకు చెప్పి నవ్వులపాలు కాకండి. అవి వాళ్ల దగ్గర అద్దెకున్న సర్వర్లు. ముఖ్యంగా మీరు కొటేషన్ మెయిల్ పంపిన కొద్ది సెకన్లకే లింకు తెరుచుకుంటే అది కొనుగోలు మేనేజర్ ఉత్సాహం కాదు. మైక్రోసాఫ్ట్ సేఫ్ లింక్స్, ప్రూఫ్‌పాయింట్, మైమ్‌కాస్ట్ లాంటి మెయిల్ రక్షణ యంత్రాలు లింకులో వైరస్ ఉందా అని ముందే తెరిచి చూస్తాయి. పెద్ద కంపెనీల్లో చాలామటుకు ఉద్యోగుల ఇంటర్నెట్ అంతా జీస్కేలర్ లాంటి ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) మీదుగా పోతుంది, అప్పుడు కంపెనీ పేరు బదులు ప్రాక్సీ పేరు కనిపిస్తుంది. ఐఫోన్‌లో ప్రైవేట్ రిలే పెట్టుకున్నవాళ్లు, వీపీఎన్ వాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కూడా దొరకరు.

కంపెనీ కుప్పలోనూ జాగ్రత్త కావాలి. మాదాపూర్‌లో కోవర్కింగ్ ఆఫీసు పేరు తేలితే, ఆ అంతస్తులో నలభై స్టార్టప్‌లు ఉండొచ్చు. యూనివర్సిటీ పేరు వస్తే హాస్టల్ వైఫై కూడా అదే. హోటల్, ఆసుపత్రి అయితే అక్కడికి వచ్చిన అతిథి ఫోన్ కావచ్చు. కంపెనీలు చేతులు మారినా రిజిస్ట్రీలో పాత పేరే ఉండిపోతుంటుంది. అందుకని ఒక్క విజిట్ చూసి ఏమీ తేల్చకండి. ఆఫీసు వేళల్లో, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు వచ్చి, స్పెసిఫికేషన్ పేజీయో కేటలాగో చూసినవాళ్లనే జాబితాలో రాసుకోండి. ఈ జల్లెడ పట్టాక నెలకు పది పేర్లు మిగిలినా అవి నమ్మదగినవి.

డబ్బు కట్టే టూల్స్ సంగతి

లీడ్‌ఫీడర్, లీడ్ ఫోరెన్సిక్స్, ఆల్బాక్రాస్ లాంటి సేవలు ఈ పనినే అమ్ముతాయి. మీ సైట్‌లో ఒక స్క్రిప్ట్ పెట్టించి, వచ్చిన ఐపీని తమ దగ్గరున్న ఐపీ-కంపెనీ జాబితాతో పోల్చి పేరు చూపిస్తాయి. జాబితా పెద్దది, ఇల్లు, ఆఫీసు తేడా కూడా కొంత పట్టుకుంటుంది. క్లియర్‌బిట్ అనే ఇలాంటి సంస్థను 2023 చివర్లో హబ్‌స్పాట్ కొనేసింది. అమెరికాలో కొన్ని సేవలు మరో మెట్టు పైకెక్కి, ఏకంగా మనిషి పేరు, లింక్డ్‌ఇన్ పేజీ ఇస్తామంటున్నాయి. దాని జోలికి పోవద్దన్నది మా మాట.

కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ట్రయల్ కాలంలో, మీకు ముందే జవాబు తెలిసిన విజిట్లతో పరీక్షించండి. మీ కస్టమర్లలో ఐదుగురిని వాళ్ల ఆఫీసు నుంచి మీ సైట్ తెరవమని, ఏ టైముకు తెరిచారో చెప్పమని అడగండి. టూల్ ఎన్నింటిని సరిగ్గా చెప్పిందో, ఎన్నింటికి తప్పు పేరు చెప్పిందో రాసుకోండి. తెలియదని చెప్పడం ఫరవాలేదు, తప్పు పేరు ధైర్యంగా చెప్పడమే ప్రమాదం. ఇంకా అడగాల్సినవి: డేటా ఏ దేశంలో ఉంచుతారు, మీ సైట్‌లో దొరికింది మీ పోటీ కంపెనీలకు అమ్మే జాబితాలో కలుపుతారా, ఒప్పందం ఆగిపోయాక చెరిపేస్తారా. రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే సంతకం పెట్టకండి.

నిజానికి వీటికంటే బాగా పనిచేసేది పాత పద్ధతే. పంపే ప్రతి కొటేషన్‌లో, ఎగ్జిబిషన్‌లో పంచే ప్రతి కార్డు మీద వేరే లింకు పెట్టడం. ఎక్స్‌పోలో ఇచ్చిన క్యూఆర్ కోడ్ నుంచి ఎంతమంది వచ్చారో గుద్దినట్టు తెలుస్తుంది. కేటలాగ్ పేజీలో "మీ కంపెనీ పేరు" అని ఒకే ఒక్క ఖాళీ పెట్టండి, నింపకపోయినా పీడీఎఫ్ దిగేలా. నింపాలనుకున్నవాళ్లు నింపుతారు.

గోప్యత: గీత ఎక్కడుంది

"ఫలానా లిమిటెడ్ నెట్‌వర్క్ నుంచి వాల్వు పేజీ మూడుసార్లు చూశారు" అనేది కంపెనీ గురించిన సమాచారం. "ఫలానా లిమిటెడ్‌లో కొనుగోళ్లు చూసే ఆయనే చూసుంటాడు, లింక్డ్‌ఇన్‌లో పేరు దొరికింది" అనగానే అది ఒక మనిషి గురించిన సమాచారం అవుతుంది, పైగా ఊహ. గీత ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఐపీ అడ్రస్ పేరెత్తదు. కానీ ఒక వ్యక్తిని గుర్తించగలిగేలా ఉన్న, అతనికి సంబంధించిన ఏ డేటా అయినా వ్యక్తిగత డేటానే అంటుంది. ఆ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, వ్యాపారాల మీద పడే ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. రక్షణ ఏర్పాట్లు లేకుండా డేటా పోగొట్టుకుంటే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. యూరప్ చట్టంలో ఉన్నట్టు "మా వ్యాపార అవసరం కాబట్టి వాడుకున్నాం" అని చెప్పుకునే వెసులుబాటు మన చట్టంలో లేదు. సమ్మతి ఉండాలి, లేదా చట్టం రాసిపెట్టిన కొద్దిపాటి సందర్భాల్లో ఒకటి కావాలి.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆటోనగర్‌లోనో బాలానగర్‌లోనో సగం వ్యాపారాలు ప్రొప్రైటర్ పేరు మీదే నడుస్తాయి. ట్రేడర్స్ అని బోర్డున్నా చట్టం ముందు అది ఒక మనిషి. అలాంటి సంస్థ పేరు రాసుకుంటే వ్యక్తి వివరం రాసుకున్నట్టే. జాబితాలో లిమిటెడ్ కంపెనీలు, ఎల్ఎల్‌పీలు, సంస్థలను మాత్రమే ఉంచితే ఈ తలనొప్పి ఉండదు.

యూరప్‌కు ఎగుమతి చేస్తూ అక్కడి కస్టమర్ల కోసమే సైట్ నడుపుతుంటే జీడీపీఆర్ (అక్కడి డేటా రక్షణ చట్టం) మీకూ వర్తిస్తుంది. మారిపోయే ఐపీ కూడా వ్యక్తిగత డేటా కావచ్చని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016 అక్టోబర్ 19న బ్రేయర్ కేసులో చెప్పింది. బ్రౌజర్‌లో కుకీ పెట్టే ట్రాకింగ్ స్క్రిప్ట్‌కు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. బ్యానర్‌లో "వద్దు" నొక్కినా స్క్రిప్ట్ నడుస్తుంటే అసలుకే మోసం. నొక్కి చూసుకోండి: బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ టూల్ పేరు కనిపిస్తోందా లేదా.

లాగ్‌లను వెంటనే చెరిపేద్దామా అంటే అదీ కుదరదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. కాబట్టి రెండు వేరు చేయండి. పూర్తి ఐపీలున్న అసలు లాగ్ భద్రత కోసమే. సర్వర్ చూసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ దాని తాళం ఉండకూడదు, సేల్స్ టీమ్‌కు అసలే వద్దు. వాళ్లకిచ్చే షీట్‌లో నాలుగే కాలమ్‌లు: కంపెనీ, వారం, ఏ ఉత్పత్తి, ఎన్ని విజిట్లు. ఐపీ వద్దు, నిమిషాలతో సహా టైము వద్దు, బ్రౌజర్ వద్దు. లెక్కల కోసం ఐపీ ఉంచుకోవాల్సి వస్తే ఐపీవీ4 చివరి అంకెను సున్నా చేయండి, 203.0.113.45 కాస్తా 203.0.113.0 అవుతుంది. ఐపీవీ6 అయితే మొదటి మూడు గుంపులు చాలు. షీట్‌ను మూడు నెలలకోసారి ఖాళీ చేయండి, ఏడాది కిందట ఎవరో చూశారన్నది ఏ అమ్మకానికీ పనికిరాదు.

కెరీర్స్ పేజీని ఈ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. మీ కస్టమర్ కంపెనీ నుంచి ఎవరో మీ ఉద్యోగాల పేజీ చూశారంటే అక్కడ ఒకరు ఉద్యోగం మారాలనుకుంటున్నారు. మాటల్లో ఎక్కడైనా మీ సేల్స్ మనిషి "మీవాళ్లెవరో మా దగ్గర ఉద్యోగం చూస్తున్నారండీ" అని నోరు జారితే, ఐదారుగురున్న చిన్న డిపార్ట్‌మెంట్‌లో ఆ ఒక్కరెవరో పట్టుకోవడం ఎంతసేపు? ఒక మనిషి ఉపాధికి ఎసరు పెట్టిన వాళ్లవుతారు.

ప్రైవసీ పేజీలో దాచకుండా రాయండి, ఇలా సరిపోతుంది: "మా సైట్ తెరిచినప్పుడు మీ ఐపీ అడ్రస్ సర్వర్ లాగ్‌లో నమోదవుతుంది. భద్రత కోసం దాన్ని 180 రోజులు ఉంచుతాం. ఆ అడ్రస్ ఏ సంస్థ నెట్‌వర్క్‌కు చెందినదో పబ్లిక్ రిజిస్ట్రీలో చూసి, సంస్థ పేరు మాత్రమే వేరుగా రాసుకుంటాం. మీరెవరో తెలుసుకునే ప్రయత్నం చేయం. వద్దనుకుంటే ఈ మెయిల్‌కు రాయండి." చెప్పింది ఒకటి, చేసేది ఒకటి కాకుండా చూసుకోండి, ఎందుకంటే ఈ పేరా రేపు మీ మీదే సాక్ష్యం. గడువు మారితే అంకె కూడా మార్చండి.

పేరు దొరికాక

హూయిజ్‌లో కనిపించే ఫోన్ నంబరుకు కాల్ చేయకండి. అది ఆ కంపెనీ నెట్‌వర్క్ ఇంజనీరుది, వాల్వులతో ఆయనకు పని లేదు. పైగా రిజిస్ట్రీ వివరాలను మార్కెటింగ్‌కు వాడకూడదని ఆప్నిక్ షరతుల్లోనే ఉంది.

ఆ కంపెనీ మీ పాత కస్టమరైతే దారి సులువు. వాళ్లతో మామూలుగా మాట్లాడే మనిషి, మామూలుగా చేసే ఫోన్‌లోనే, "కొత్తగా ఏమైనా అవసరాలున్నాయా సార్, బాల్ వాల్వుల్లో కొత్త సైజులు వచ్చాయి" అంటే చాలు. కొత్త కంపెనీ అయితే వాళ్ల సైట్‌లో కొనుగోళ్ల విభాగం కోసం ఇచ్చిన మెయిల్‌కు పరిచయ లేఖ, వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం ఉంటే అది. "మొన్న మంగళవారం మీరు మా 14వ పేజీ చూశారు కదా" అన్న మాట మాత్రం ఎప్పటికీ అనకూడదు. అవతలివాళ్లకు వెన్నులో చలి పుడుతుంది, మీ సైట్ మళ్లీ తెరవరు. తెరిచినా ఫోన్ డేటా మీద తెరుస్తారు, మీ లాగ్‌లో ఇంకో జియో లైన్ పడుతుంది.

చివరగా మీ ఆఫీసు ఐపీని మీరే ఒకసారి హూయిజ్‌లో వేసి చూసుకోండి. మీ కంపెనీ పేరు వస్తే, మీరు పోటీ కంపెనీ ధరల పేజీ చూసిన ప్రతిసారీ అవతల ఎవరో ఇదే షీట్‌లో మీ పేరు రాసుకుంటూ ఉండొచ్చు. ఆ పనికి ఫోన్ హాట్‌స్పాట్ వాడండి.